వెండి బిందె పాఠం

టౌన్లో ఏ ఇంటి తాళం పగిలినా లైన్లపేటలో ఒకడు దొంగ కావాలి. పగలగొట్టింది ఎవడన్నది వేరే సంగతి.

లైన్లపేట జనాన్ని తెల్లదొరలు నేరస్థ జాతి అని ముద్ర కొట్టి తెచ్చి అక్కడ పడేశారు. నాలుగు లైన్లు, లైనుకు పన్నెండు ఇళ్లు. దొరలు పోయారు, ఆ చట్టమూ పోయింది, తరాలు గడిచాయి. గోడల మీద ఇంటి నంబర్లు మాత్రం పోలేదు. స్టేషన్లో రిజిస్టరు పోలేదు. ఇప్పుడది కంప్యూటర్లో ఉంది, అంతే తేడా. దొంగ దొరక్కపోతే పోలీసులు పేటకొచ్చి పదిమందిని ఈడ్చుకుపోయి కుళ్లబొడిచేవాళ్లు. పదిమంది ఎముకలు విరిగే బదులు ఒక్కడు ఒప్పుకుంటే పోలేదా అని పేట పెద్దలు ఎప్పుడో ఒక పద్ధతి పెట్టారు. దాని పేరు వంతు. ఇంటి నంబరు ప్రకారం వస్తుంది. వంతు వచ్చిన ఇంట్లోంచి ఒక మగాడు స్టేషనుకు వెళ్లి "నేనే చేశాను" అంటాడు. ఏడాదో రెండేళ్లో జైలు. వాడు తిరిగొచ్చేదాకా పెళ్లాం పిల్లల తిండి పేట చూసుకుంటుంది.

ఇది తప్పు కాదా అని అడిగేవాళ్లుంటారు. తప్పే. ఆ పది వీపుల్లో ఒకటి మీదైనప్పుడు వచ్చి మళ్లీ చెప్పండి.

ఊరికే "నేనే" అంటే చాలదు. ఏ గుమ్మంలోంచి దూరాడు, ఏ బీరువా తెరిచాడు, ఏం ఎత్తాడు, అన్నీ అతకాలి. కోర్టులో ఒకటి, స్టేషన్లో ఒకటి చెబితే కేసు పోతుంది, పోలీసులు మళ్లీ పేట మీద పడతారు. అందుకని వంతుకు వెళ్లేవాడికి పాఠం చెప్పాలి. చెప్పేది ఏసోబు తాత. డెబ్బై దాటాయి. ఒక కన్ను లేదు. మూడుసార్లు వంతుకు పోయొచ్చాడు.

ఆ ఎండాకాలం వంతు పదో నంబరుకు వచ్చింది. పదో నంబరు అంకాలుది. ఈతబరికెలతో గంపలు అల్లుకుని బతుకుతాడు, ఇరవై ఎనిమిదేళ్లు.

"ఖాళీ బుర్రతో అబద్ధం ఆడమాకరా అంకాలూ," అన్నాడు తాత, వేపచెట్టు కింద గొంతుక్కూర్చుని. "రెండు తన్నులు పడగానే ఖాళీ అబద్ధం కూలిపోద్ది. ఇయ్యాల ఒకటి చెప్తావు, రేపు ఇంకోటి చెప్తావు. అదే నీ ఇంట్లో నిజంగా జరిగే సంగతి ఒకటి దాని కింద పెట్టుకున్నావనుకో, వందసార్లు అడిగినా అదే వచ్చుద్ది. గోడకి పునాది ఉన్నట్టు."

"ఏం పెట్టుకోను తాతా?"

"స్టేషనోళ్లు చెప్పారు, పోయింది వెండి బిందె. పట్టుగుడ్డలో చుట్టి బీరువా కింద అరలో పెట్టుకున్నారంట. పట్టపగలు, మధ్యాన్నం. పక్కగదిలో ముసలావిడ నిద్దరపోతంది. చప్పుడు గాకుండా రెండు చేతుల్తో ఎత్తాలి. నువ్వు నీ ఇంట్లో అంత బద్రంగా ఎత్తేది ఏముందిరా?"

అంకాలు నవ్వాడు. "ఇంకేముంటది, కెజియా."

కెజియా అతని కూతురు. రెండేళ్ల పిల్ల. భార్య నాంచారి బరికెలకోసం చేల గట్ల మీదికి పోతే మధ్యాహ్నాలు పిల్ల తండ్రి దగ్గరే. రేకుల ఇల్లు. రెండు గంటలు దాటితే రేకు వేడి ఉయ్యాల మీదికి దిగుతుంది. చీరతో కట్టిన ఆ ఉయ్యాలలోంచి పిల్లను నిద్ర చెడకుండా ఎత్తి బయటికి తేవాలి. ఒక చెయ్యి మెడ కింద, ఒక చెయ్యి పిర్రల కింద. ఊపిరి బిగబట్టి. అంకాలు రోజూ చేసే పని అది.

"అదే పెట్టుకో," అన్నాడు తాత. "నోరు బీరువా అంటది, బుర్రలో ఉయ్యాల చీర పక్కకి తియ్యి. నోరు బిందె అంటది, బుర్రలో పిల్లనెత్తు. ఏ మొగోడూ నిన్ను తడబెట్టలేడు."

ఈసారి జైలు కూడా లేదు. ఆ సంగతే పేటకు పండగలా ఉంది. మళ్లీ మళ్లీ నేరం చేసేవాళ్లతో జైళ్లు నిండిపోతున్నాయని సర్కారు కొత్త చికిత్స ఒకటి తెచ్చింది. పేరు విముఖి. పాత నేరస్థుల జాబితాలో ఉన్నవాడు దొంగతనం ఒప్పుకుంటే ఐదేళ్ల జైలైనా ఎంచుకోవచ్చు, వారంరోజుల విముఖి అయినా ఎంచుకోవచ్చు. అది చేయించుకున్నవాడి చెయ్యి ఆ దొంగతనం పని మళ్లీ చెయ్యబోతే మొద్దుబారిపోతుంది, కడుపులో తిప్పుతుంది. పేటలో దాన్ని చెయ్యి చంపుడు అంటారు. ఏడాదిలో పదమూడు మంది వంతుకు వెళ్లి, అది చేయించుకుని, వారానికల్లా ఇంటికొచ్చేశారు.

"మనకేం పోయింది మావా," అంది నాంచారి. "దొంగతనం చేసే చెయ్యి చచ్చిపోద్దంట. చావనీ. మనకాడ ఆ చెయ్యి ఉంటే గదా!"

చెట్టు కింద అందరూ నవ్వారు.

"ఏమోనే, సాలమన్ మావ మాత్రం వంతుకు పోయొచ్చిన కాణ్ణించి గడ్డం గీసుకోలేకపోతన్నాడు. ఏందంటే చెయ్యి వణుకుద్దంట," అంది పక్కింటామె.

"వణక్క ఏం చేసుద్ది? పొద్దున్నే తాగితే!"

మళ్లీ నవ్వారు. సాలమన్ కూడా నవ్వాడు, మాసిన గడ్డం గోక్కుంటూ. అప్పుడు ఎవరికీ తట్టలేదు.

* * *

పెద్దాసుపత్రి వెనక కొత్త బిల్డింగులో విముఖి గది. చికిత్స కనిపెట్టిన బృందానికి పెద్ద డాక్టర్ ప్రసూన. చెడ్డ మనిషి కాదు. లాఠీ లేకుండా, గోడలు లేకుండా మనిషిని మార్చొచ్చని నిజంగా నమ్మింది. దొంగ చేతులు పట్టుకుని తనే తొడుగులు తొడిగేది. అలాంటివాళ్లతోనే ఎక్కువ భయం. చెడ్డవాడైతే ఎక్కడో ఒకచోట ఎదురు తిరుగుతాం.

అంకాలును కుర్చీలో పడుకోబెట్టారు. తలకు టోపీ, చేతులకు సన్నని తీగలున్న తొడుగులు, మోచేతి దగ్గర సెలైను సూది. ఎదురుగా గోడమీద ఒక చిన్న దీపం.

"నువ్వు చేసింది చేసినట్టు చెప్పాలి అంకాలూ," అంది ప్రసూన. "చెబుతుంటే నీ మెదడులో ఆ జ్ఞాపకం ఉన్నచోటు వెలుగుతుంది. కట్టుకథ చెబితే ఎర్రదీపం. నిజంగా నీ చేతులు చేసిన పనైతే పచ్చదీపం. పచ్చ వెలిగితేనే మందు లోపలికి పోతుంది. పోయి, ఆ పని మీద నీ చేతులకు ఏవగింపు పుట్టిస్తుంది. నొప్పేమీ ఉండదు."

అంకాలుకు చెమట పట్టింది. కట్టుకథ చెబితే ఎరుపా? పాఠంలో ఈ సంగతి లేదు. ఇంతకుముందు వెళ్లొచ్చిన పదమూడు మందిలో ఎవడూ చెప్పలేదు, ఎవడికీ ఎర్రదీపం కనబడలేదు కాబట్టి.

కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. మధ్యాహ్నం. ఎండ. గది. బీరువా తలుపు మెల్లగా పక్కకు తీశాను. లోపల పట్టుగుడ్డలో మూట. వంగాను. ఒక చెయ్యి కిందికి పోనిచ్చాను. రెండో చెయ్యి...

ఊపిరి బిగబట్టాడు. నిజంగానే బిగబట్టాడు. కుర్చీలో పడుకున్నవాడి చేతులు గాలిలోకి లేచి, వేళ్లు విచ్చుకుని, ఏదో మెత్తటిదాన్ని అందుకున్నట్టు ఆగాయి.

పచ్చదీపం వెలిగింది.

"ఎంత స్పష్టంగా ఉందో చూడండి," అంది ప్రసూన పక్కనున్న వాళ్లతో. "లైన్లపేట వాళ్లందరికీ ఇంతే. వేరే చోట్లనుంచి వచ్చినవాళ్లకు సగంసార్లు ఎరుపే వస్తుంది. వీళ్లకు తిరుగులేదు."

తిరుగులేదు. వారం రోజులు, రోజుకు రెండుసార్లు, ఆ పాఠమే చెప్పించారు. పద్నాలుగుసార్లు అంకాలు తన కూతుర్ని బిందె అని పిలిచి ఎత్తాడు. పద్నాలుగుసార్లు మందు లోపలికి పోయింది.

* * *

ఇంటికొచ్చిన రోజు మధ్యాహ్నం రెండు దాటింది. నాంచారి బరికెలు దించుకుని గుమ్మంలో కూర్చుని కాళ్లకు గుచ్చుకున్న ముళ్లు తీసుకుంటోంది. ఉయ్యాలలో పిల్ల నిద్రలోనే కదిలింది, నుదుటి మీద చెమట.

"మావా, రేకు దిగింది. పిల్లనెత్తు."

అంకాలు ఉయ్యాల దగ్గరికి వెళ్లాడు. చీర పక్కకు తీశాడు. తీస్తుండగానే వేళ్లు చల్లబడ్డాయి. వంగాడు. మోచేతులనుంచి కిందికి చేతులు తనవి కానట్టు వేలాడిపోయాయి. కడుపులోంచి తన్నుకొచ్చి పక్కనే గోడకు వాంతి చేసుకున్నాడు.

"ఏందయ్యా, ఎండదెబ్బా?"

అతను మళ్లీ వంగాడు. మళ్లీ అదే. మూడోసారి పిల్ల లేచి తండ్రిని చూసి "నానా" అని రెండు చేతులూ చాపింది. అంకాలు పిల్లకేసి చూస్తూ నిలబడ్డాడు. పిల్ల చేతులు చాపే ఉంచింది. ఇంకాసేపు చూసి ఏడుపు మొదలెట్టింది.

నాలుగు రోజులు ఎండదెబ్బ అనుకున్నారు. మజ్జిగ తాగించారు, పాస్టరుగారిని పిలిచి ప్రార్థన చేయించారు. గంప అల్లితే చేతులు బాగానే ఆడుతున్నాయి. నీళ్లు తోడితే ఆడుతున్నాయి. అన్నం కలుపుకుంటే ఆడుతున్నాయి. పిల్ల దగ్గరికి పోతే చస్తున్నాయి. అయిదో రోజు పిల్ల తండ్రి దగ్గరికి రావడం మానేసింది. అతను గుమ్మంలోకి వస్తే తల్లి కుచ్చిళ్లు పట్టుకుని వెనక్కి నక్కేది.

ఆ సాయంత్రం ఏసోబు తాత వచ్చి కూర్చున్నాడు. సంగతంతా విన్నాడు.

"నేనేరా," అన్నాడు. "నేనే చెప్పా గదా పిల్లని పెట్టుకోమని."

నాంచారికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి చెంబెడు నీళ్లు తాగింది. తర్వాత సాలమన్ ఇంటికి పోయి గుమ్మంలోంచే అడిగింది. "మావా, నీ వంతప్పుడు నువ్వు పాఠంలో ఏం పెట్టుకున్నావు?"

సాలమన్ గడ్డం మీద చెయ్యి పెట్టుకుని ఆగిపోయాడు. "కిటికీ ఊచ కోసినట్టు చెప్పాలన్నాడు తాత. బ్లేడు ఆడించేది నాకు గడ్డం దగ్గరే గదా అని..."

* * *

మర్నాడు పొద్దున్నే నాంచారి మొగుణ్ణి, పిల్లను వెంటబెట్టుకుని విముఖి బిల్డింగులో దూరింది. వాచ్‌మన్ అడ్డం వస్తే పిల్లను వాడి చేతుల్లో పెట్టి లోపలికి పోయింది. వాడు ఏం చెయ్యాలో తెలియక పిల్లతో సహా వెనకాలే వచ్చాడు.

"డాక్టరమ్మా, నా మొగుడు పిల్లనెత్తుకోలేకపోతన్నాడు. ఏం చేశారు మీరు?"

ప్రసూన నవ్వబోయింది. "దొంగతనం చేసిన పనికే మందు వేశాం. పిల్లకూ దానికీ సంబంధం లేదు."

"ఆయన దొంగతనం చేస్తే గదా!"

గదిలో నలుగురు పనివాళ్లు తలలెత్తారు. నాంచారి అన్నీ చెప్పేసింది. వంతు, పాఠం, పునాది. అంకాలు తలదించుకుని "చెప్పమాకే, చెప్పమాకే" అంటూనే ఉన్నాడు. ఆమె ఆగలేదు.

ప్రసూన టోపీ, తొడుగులు తెచ్చింది. అంకాలుకు తొడిగింది. వాచ్‌మన్ దగ్గర్నుంచి పిల్లను తీసుకుని అతనికి అందివ్వబోయింది. పచ్చదీపం భగ్గున వెలిగింది. అతని చేతులు రాలిపోయాయి. ఆమెకు ఇంకెవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

తర్వాతి రెండు వారాల్లో లైన్లపేట పదమూడు మందినీ ఒక్కొక్కరినీ పిలిపించి అడిగింది. ఒకడు తాళం విప్పడం కింద భార్య జడ విప్పడం పెట్టుకున్నాడు. ఒకడు గోడ పట్టుకుని దూకడం కింద పడవ అంచు పట్టుకుని లోపలికి దూకడం పెట్టుకున్నాడు, ఇప్పుడు చేపలవేట మానేసి కూలికి పోతున్నాడు. ఒకడు చనిపోయిన తల్లి ట్రంకుపెట్టె తెరవడం పెట్టుకున్నాడు. దాన్ని మళ్లీ తెరవలేకపోయాడు, ఎందుకో తెలియక అమ్మేశాడు. సిగ్గుపడి ఎవడూ ఎవడికీ చెప్పుకోలేదు. ప్రసూన తన గది గోడమీద ఎప్పుడో అంటించుకున్న లెక్కల కాగితం అలాగే ఉంది. విముఖి పొందిన లైన్లపేటవాసుల్లో తిరిగి నేరం చేసినవారు, సున్నా.

సున్నాయే మరి. మొదటిది చేస్తే కదా రెండోది. ఒక్క నేరమూ చెయ్యనివాళ్లను తెచ్చి, మళ్లీ చెయ్యలేదని లెక్క చూపించి, ఆ లెక్కతో రాష్ట్రమంతా ఈ కుర్చీలు వేయించబోతున్నారు. అసలు తాళాలు పగలగొట్టేవాడు ఎర్రదీపం దాకా కూడా రాలేదు. వాడు హాయిగా ఇంకో ఇల్లు చూసుకుంటున్నాడు.

"తిప్పొచ్చు," అంది ప్రసూన అంకాలుతో. అప్పటిదాకా నువ్వు అన్న మనిషి ఆ రోజునుంచి మీరు అనడం మొదలుపెట్టింది. "మందు మొదలైన నలభై రోజుల్లోపు అయితే ఏవగింపును తిప్పొచ్చు. మిగతావాళ్లకు ఆ గడువు దాటిపోయింది. మీకింకా పదకొండు రోజులుంది. కాకపోతే ఇది కోర్టు వేసిన శిక్ష. తిప్పాలంటే మెజిస్ట్రేటు గుమాస్తా ఎదురుగా కూర్చుంటాడు. మీరు నిజం చెప్పాలి. బిందె కాదు, ఉయ్యాల అని. ఆ మాట రికార్డవుతుంది."

"రికార్డయితే?"

"మీరు నిర్దోషి అని తేలుతుంది."

ఆమె మంచి కబురు చెబుతున్నాననుకుంది. అంకాలు, నాంచారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పదో నంబరు నిర్దోషి అయితే వెండి బిందె పదకొండో నంబరుది. పదకొండో నంబరు నాంచారి పుట్టిల్లు. ఆ ఇంట్లో ఉన్న ఒక్క మగాడు ఆమె తమ్ముడు యోనా.

* * *

ఇంటి దగ్గర ఆ మాట ఎవరూ పైకి అనలేదు. యోనా ఇరవై రెండేళ్లవాడు. ఐటీఐ చదివి ఎలక్ట్రీషియన్ పని చేస్తున్నాడు. రోజూ లాగే వచ్చి, మేనకోడల్ని భుజాన వేసుకుని, బావతో హాస్యాలాడాడు.

"ఏం బావా, మా అక్కని కూడా ఎత్తుకోలేకపోతన్నావా, పిల్లనొక్కదాన్నేనా?"

"మీ అక్కని ఎత్తాలంటే చేతులు బాగున్నోడిక్కూడా కష్టమేరా."

"తిప్పించుకో బావా," అన్నాడు యోనా నవ్వడం ఆపి. "నా సంగతి నేను చూసుకుంటా. నాకు పిల్లలు లేరు, జెల్లలు లేరు."

నాంచారి పొయ్యి ముందు కూర్చుని ఉంది. వెనక్కి తిరగలేదు. పో అనలేదు. వద్దు అనలేదు. పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

గడువు ముగియడానికి రెండు రోజులుందనగా అంకాలు వెళ్లాడు. నాంచారి పిల్లతో వచ్చింది. బిల్డింగు వరండాలో టౌన్ స్టేషన్ సీఐ భుజంగరావు ముందే కూర్చుని ఉన్నాడు. పక్కన యోనా నిలబడి ఉన్నాడు. పనిచేసే చోటునుంచి తెచ్చినట్టున్నారు, జేబులో టెస్టరు అలాగే ఉంది.

"ఏరా అంకాలూ, చెయ్యి బాగుచేయించుకుంటన్నావంట," అన్నాడు సీఐ, ఎంతో ఆప్యాయంగా. "మంచిపని. పిల్లనెత్తుకోవద్దా మరి! నాకూ ఉన్నారు పిల్లలు. కానీ బిందె ఎవడో ఒకడు ఎత్తాలి గదరా. దానంతటది నడిచిపోదుగా. మీ పద్ధతి మీకుంది, దాంట్లో నేను ఏలు పెట్టను. నువ్వు లోపల ఏం చెప్తావో చెప్పు. దాన్నిబట్టి ఈణ్ణి ఇంటికి పంపాలో, నాతో తీసకపోవాలో చూసుకుంటా."

ప్రసూన బయటికొచ్చి "మీరిక్కడ ఉండటానికి వీల్లేదు" అంది.

"వరండాలో కూర్చున్నానమ్మా. కుర్చీ ప్రజలదే."

లోపల మళ్లీ టోపీ, తొడుగులు, సూది. బల్ల దగ్గర మెజిస్ట్రేటు గుమాస్తా కాగితాలు సర్దుకున్నాడు. అద్దం గోడ అవతల వరండా కనిపిస్తోంది.

"మొదలుపెట్టండి," అంది ప్రసూన. "ఆ మధ్యాహ్నం మీ ఇంట్లో ఏం జరిగిందో అదే చెప్పండి."

"రేకు వేడి దిగింది," అన్నాడు అంకాలు. "ఉయ్యాల చీర పక్కకి తీశాను. పిల్ల నోట్లో ఏలు పెట్టుకుని నిద్దరపోతంది. మెడ కింద చెయ్యి పెట్టాను."

పచ్చదీపం వెలిగింది. ఈసారి పోయిన మందు వేరు. చేతివేళ్ల కొసల్లో చీమలు పాకినట్టయింది. అరచేతుల్లోకి వెచ్చదనం వచ్చింది. ముప్పై ఎనిమిది రోజుల తర్వాత ఆ బరువు, ఆ మెత్తదనం, చెమట తడి, అన్నీ చేతుల్లోకి వచ్చి కూర్చున్నాయి. అంకాలు కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి.

"ఆగు," అన్నాడు గుమాస్తా. "ఏ ఉయ్యాల? ఎవరి ఇల్లు? దొంగతనం జరిగిన సమయానికి నువ్వు ఎక్కడున్నావు? రాసుకోవాలి, స్పష్టంగా చెప్పు."

అంకాలు కళ్లు తెరిచాడు. అద్దం అవతల యోనా నిటారుగా నిలబడి ఇటే చూస్తున్నాడు. సీఐ సెల్‌ఫోన్ చూసుకుంటున్నాడు. నాంచారి పిల్లను ఒళ్లో పెట్టుకుని నేలకేసి చూస్తోంది. తమ్ముడి వైపు చూడదు, మొగుడి వైపు చూడదు. ఎటు చూసినా ఒకరిని ఇచ్చేసినట్టవుతుందని ఆమెకు తెలుసు.

"ఉయ్యాల కాదు సారూ," అన్నాడు అంకాలు. "నోరు జారింది. బీరువా. టౌన్లో ఇల్లు. నేను ఆడే ఉన్నా."

"అంకాలూ!" అంది ప్రసూన.

అతను పాఠం మొదటినుంచి అందుకున్నాడు. మధ్యాహ్నం. బీరువా తలుపు. పట్టుగుడ్డ. వెండి బిందె. ఒక్క అక్షరం తప్పలేదు. నోరు బిందె అంటోంది, లోపల పిల్ల ఉంది. పచ్చదీపం చెక్కుచెదరకుండా వెలుగుతూనే ఉంది. యంత్రానికి తెలిసింది అంతే. గుమాస్తా రాసుకుని, ముద్దాయి నేరాన్ని తిరిగి ధ్రువీకరించాడు కనుక శిక్ష మార్చడానికి వీల్లేదని చదివి, సంతకం పెట్టి, సూది తీసెయ్యమన్నాడు. వేళ్లలో వెచ్చదనం అలా అలా వెనక్కి పోయింది. రెండు రోజుల తర్వాత గడువూ పోయింది.

"ఎందుకిలా చేశారు?" అంది ప్రసూన.

"పిల్లని వాళ్లమ్మ ఎత్తుకుంటది డాక్టరమ్మా. వాణ్ణెవరు ఎత్తుకుంటారు?"

ప్రసూన ఆ రాత్రే రిపోర్టు రాసింది. నిజమే రాసింది, పద్నాలుగు మంది పేర్లతో సహా. రిపోర్టు పైకి వెళ్లింది. పైనుంచి ఏమీ కిందికి రాలేదు. నెల తిరక్కుండా ఇంకో ఆరు జిల్లాల్లో కుర్చీలు బిగించారు. ఆమెను ఏదో కాలేజీలో పాఠాలు చెప్పుకోమని బదిలీ చేశారు.

* * *

అంకాలు యోనాకు కొనిపెట్టింది పంతొమ్మిది రోజులు. ఇరవయ్యో రోజు టౌన్లో కడుతున్న ఒక మేడలోంచి ఏసీల రాగిగొట్టాలు పోయాయి. సోమవారానికల్లా మనిషి కావాలని సీఐ కబురు పంపాడు. పదకొండో నంబరు.

ఆదివారం గుడినుంచి వచ్చి జనం వేపచెట్టు కింద చేరారు. నాంచారి పాత చీర చింపి కెజియాను అంకాలు వీపుకు కట్టింది. చేతులతో పని లేకపోతే పిల్ల తండ్రి దగ్గర ఉంటోంది. అతను చేతులు రెండూ కిందికి వేలాడేసుకుని, వీపు మీద పిల్లతో నిలబడ్డాడు.

ఏసోబు తాత మాత్రం నోరు విప్పడు. "నేను చెప్పనురా. నా పాఠమే మిమ్మల్ని తినేసింది."

"చెప్పకపోతే ఖాళీ బుర్రతో పోతా తాతా," అన్నాడు యోనా. "ఎర్రదీపం వెలుగుద్ది. కేసు నిలవదు. రేపు పదిమందిని ఈడ్చకపోతారు. నిన్ను కూడా. నీకు ఉండేది ఒక్క కన్ను."

తాత ఆ కన్ను తుడుచుకున్నాడు. "ఏం పెట్టుకుంటావు మరి? పోయినా పరవాలేదు అనుకునేది పెట్టుకోవాల ఈసారి."

"బీడీ ముట్టించటం పెట్టుకోరా," అన్నాడు సాలమన్. "వచ్చే పెళ్లాం సంతోషపడుద్ది."

"నేను తాగను మావా. నీ గడ్డం సంగతి చూసుకో ముందు."

"పళ్లు తోముకోటం?"

"ఇప్పుడు మాత్రం తోముతన్నాడా ఏంది?"

నవ్వారు. నవ్వు ఎంతోసేపు నిలవలేదు. వైరు చుట్టడం వద్దు, అది వాడి పని. సైకిలు తొక్కడం వద్దు. అన్నం ముద్ద చెయ్యడం, చొక్కా గుండీ పెట్టుకోవడం, బకెట్టు ఎత్తడం. ఒక్కొక్కటే తీసి చూశారు. మనిషి చేతులు రోజంతా చేసే పనుల్లో పారేసుకోదగ్గది ఒక్కటీ కనబడలేదు.

"తమ్ముడూ," అంది నాంచారి. "సీఐ ఎదురొస్తే నువ్వేం చేస్తావురా?"

"ఏం చేస్తా? దణ్ణం పెడతా."

"అదే పెట్టుకో."

"దణ్ణం పెట్టకపోతే తంతారు గదే," అన్నాడు సాలమన్.

"పెడితే తన్నలేదా?"

"ప్రార్థన కూడా పోద్దే పిల్లా," అన్నాడు తాత మెల్లగా. "దేవుడి ముందు కూడా చేతులు జోడించలేడు."

"దేవుడు అర్థం చేసుకుంటాడు. చేసుకోకపోతే నాతో మాట్లాడమను."

యోనా అక్క వైపు చూశాడు. తర్వాత బావ చేతుల వైపు చూశాడు. వచ్చి తాత ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నాడు.

తాత గొంతు సవరించుకున్నాడు. "మేడ. వెనక గుమ్మం. సున్నం వాసన. రాగిగొట్టం గోడకుంది. రెండు చేతులూ దాని కాడికి పోయినయ్. నోరు గొట్టం అంటది. బుర్రలో ఏముంది?"

యోనా రెండు అరచేతులూ దగ్గరికి తెచ్చి కలిపాడు.

"అట్టా గాదు," అంది నాంచారి. "సీఐ ముందు ఎట్టా పెడతావో అట్టా పెట్టు. నడుం వంచి."

యోనా నడుం వంచాడు. మెడ కూడా వంచాడు. కలిపిన చేతులు నుదుటిదాకా తెచ్చి, పళ్లు కొంచెం బయటపెట్టి నవ్వాడు. స్టేషన్ మెట్ల మీద ఎలా నవ్వుతాడో అలాగే.

తాత మొదటినుంచి మళ్లీ చెప్పించాడు.